పదింటికి వచ్చే వైద్యం, ఐదింటికే వెళ్లిపోయే కూలి

2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’లో దేశానికి ఒక సలహా ఇచ్చారు. ఊబకాయం పెరుగుతోంది, ఇంట్లో వంటనూనె పది శాతం తగ్గించండి అన్నారు. అదే ఏడాది జూన్ 21న విశాఖలో యోగాంధ్ర పేరుతో లక్షల మందిని చాపల మీద కూర్చోబెట్టి ప్రభుత్వం రికార్డు కొట్టింది. నూనె తగ్గించమనడం తప్పు కాదు, యోగా చేస్తే నష్టమూ లేదు. కానీ ఈ రెండు సలహాలూ ఎవరిని ఉద్దేశించినవి? వంటింట్లో నూనె డబ్బా నిండుగా ఉన్నవాళ్లను, పొద్దున్నే ఒక గంట తమ చేతిలో ఉన్నవాళ్లను. కొవ్వూరు చుట్టుపక్కల పేటల్లో తెల్లవారుజామున ఐదింటికి కూలి ఆటో కోసం నిలబడే మనిషికి ఆ గంట లేదు. షుగరు, బీపీ, పొట్ట మాత్రం ఉన్నాయి.

ఈ మూడూ వేర్వేరు జబ్బులని మనవాళ్లు అనుకుంటారు. షుగరుకు ఒక డాక్టరు, బీపీకి ఇంకో చీటీ, పొట్టకైతే అసలు డాక్టరే అక్కర్లేదు. ఎవరైనా ‘ఒళ్లు చేశావే’ అంటే అది మెచ్చుకోలు. కరువు చూసిన కులాలకు పొట్ట అంటే ఇంట్లో తిండి ఉందనడానికి గుర్తు. వైద్యశాస్త్రం మాత్రం వీటిని ఒకే తాడుకు కట్టిన ముడులుగా చూస్తుంది. దాన్నే మెటబాలిక్ సిండ్రోమ్ అంటున్నారు. ఐదు లెక్కలున్నాయి. నడుము చుట్టుకొలత మన దక్షిణాసియా మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 సెంటీమీటర్లు చేరడం. బీపీ 130/85 లేదా అంతకు మించడం. పరగడుపు షుగరు 100 లేదా ఆపైన ఉండడం. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150కి చేరడం. మంచి కొలెస్టరాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్లలో 40 కన్నా, ఆడవాళ్లలో 50 కన్నా తగ్గడం. ఈ ఐదింటిలో మూడు కలిస్తే ఆ మనిషికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్టే. ఇప్పటికే బీపీకో షుగరుకో మందు వాడుతుంటే ఆ లెక్క కూడా ఉన్నట్టే పరిగణిస్తారు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్నదే అనిపిస్తుంది. కలిస్తే గుండెపోటుకీ పక్షవాతానికీ కిడ్నీ దెబ్బతినడానికీ దారి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఐదింటిలో మూడు లెక్కలకు ల్యాబు అక్కర్లేదు. టైలరు దగ్గరుండే టేపు, బీపీ మిషను, వేలిమీద చుక్క రక్తం చూసే గ్లూకోమీటరు చాలు. ఆ మూడూ ఊళ్లోనే తేలిపోతాయి. ‘పేటలో దీన్ని పట్టుకోవడం కష్టం’ అని ఎవరన్నా అంటే నమ్మనక్కర్లేదు.

ఇది డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాటను కూడా నమ్మనక్కర్లేదు. దాన్ని ఈ గోదావరి ఊళ్లే ఇరవై ఏళ్ల కిందట తప్పని చూపించాయి. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ తదితర సంస్థలు కలిసి ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో అధ్యయనం చేశాయి. 2003-04లో 45 గ్రామాల్లో, సుమారు లక్షా ఎనభై వేల జనాభాలో, ఏడాదిలో జరిగిన 1,354 మరణాలను నమోదు చేశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులతోనే. అంటు రోగాలతో పోయినవాళ్లు 12 శాతం. ఇదే కార్యక్రమంలో 20 గ్రామాల్లో 30 ఏళ్లు దాటిన 4,535 మందిని పరీక్షిస్తే దాదాపు 13 శాతం మందికి షుగరు ఉంది. నగరాల లెక్క కాదిది, వరి చేల మధ్య ఊళ్ల లెక్క. ఆ తర్వాత 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి మధుమేహం, 35.5 శాతం మందికి అధిక రక్తపోటు, 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు ఉన్నట్టు తేల్చింది. మన గోదావరి పల్లెలు దేశం కంటే ముందే ఆ అంకెను దాటాయన్నమాట.

ఆ అంకెల్లో పేట ఎక్కడుంది? దీనికి జవాబు దొరకడమే కష్టం. ఆసుపత్రి చీటీలో వయసుంటుంది, ఆడా మగా ఉంటుంది, ఆధార్ నంబరు ఉంటుంది. కులం ఉండదు. కులం అడగకపోవడం మర్యాద అని పెద్దలంటారు. ఎవరికి మందు అందిందో ఎవరికి అందలేదో కులంవారీగా లెక్క తేలకపోవడం మాత్రం ఎవరికి లాభమో ఆలోచించాలి. పైగా ఈ గోదావరి తీరంలో చాలా దళిత కుటుంబాలు చర్చికి వెళ్తాయి, క్రైస్తవులుగా నమోదైతే కాగితం మీద బీసీ-సీ అవుతారు. ఇల్లు అదే పేటలో, పని అదే చేలో, లెక్కలో మాత్రం వేరే గడిలో. అయినా బయటపడిన కొద్ది లెక్కలే భయపెడతాయి. ఎక్కువగా ఉత్తరాదికి చెందిన తొమ్మిది రాష్ట్రాల మీద 2022లో వచ్చిన ఒక పరిశోధన దళితుల ఆయుర్దాయం పైకులాల హిందువుల కంటే మూడేళ్లకు పైగా తక్కువని, ఆదివాసులది నాలుగేళ్లకు పైగా తక్కువని చూపింది. ఆస్తి, ఆదాయం తేడాలు తీసేసి చూసినా ఆ అంతరం పూర్తిగా పోలేదు. అంటే డబ్బు ఒక్కటే కారణం కాదు.

మరి పేటలో ఈ జబ్బు ఎక్కడ మొదలైంది? కడుపులో మొదలైంది. తల్లి కడుపులో.

పుణె దగ్గర పల్లెల్లో చిత్తరంజన్ యాజ్నిక్ బృందం దశాబ్దాలుగా పుట్టిన పిల్లలను తూస్తూ, కొలుస్తూ వస్తోంది. మన పిల్లలు తక్కువ బరువుతో పుడతారు, కానీ ఆ తక్కువ బరువులోనే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని వాళ్లు చెప్పారు. కాళ్లూ చేతులూ సన్నగా, పొట్ట ముందుకు ఉండే మన నాన్నల ఆకారానికి పునాది అక్కడుంది. తల్లికి తిండి లేనప్పుడు లోపలి బిడ్డ శరీరం ‘బయట కరువు ఉంది, దొరికింది దాచుకో’ అని నేర్చుకుంటుంది. పెద్దయ్యాక బయట బియ్యం దొరికితే ఆ శరీరం దాన్ని కూడా దాచుకుంటూనే ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో 1987-90 మధ్య గర్భిణులకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారం ఇచ్చిన ఊళ్లను, ఇవ్వని ఊళ్లను తర్వాత పోల్చి చూశారు. 2008లో వచ్చిన ఫలితం ఏమిటంటే, తిండి అందిన ఊళ్లలో పిల్లలు టీనేజీకి వచ్చేసరికి కాస్త పొడుగు పెరిగారు, వాళ్లలో ఇన్సులిన్‌కు శరీరం మొరాయించడం తక్కువగా ఉంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. అంగన్‌వాడీ పెట్టే కోడిగుడ్డు నలభై ఏళ్ల తర్వాత వచ్చే గుండెపోటుకు మందు అని దీనర్థం. ఆ గుడ్డు ఇంటికి రాకుండా ఎక్కడో ఆగిపోతే దాన్ని చిన్న అవినీతిగా చూడకూడదు.

రెండో కారణం కంచంలో ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక గోదావరి నీళ్లు కాలువలెక్కాయి. కొవ్వూరుకు దిగువన విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టా కాలువ బయల్దేరుతుంది. డెల్టా అన్నపూర్ణ అయింది. భూమి ఎవరికుందో వాళ్లకు అన్నం, లేనివాళ్లకు గంజి. పైన మెట్ట ఊళ్లలో జొన్న, చోళ్లు తిన్నారు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ బియ్యం పేటల్లో పొయ్యి వెలిగించింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఎప్పుడూ కడుపు మాడనివాళ్లకు లేదు. ఇవాళ కార్డుమీద మనిషికి నెలకు ఐదు కిలోల బియ్యం ఉచితం. తప్పు బియ్యం ఇవ్వడంలో లేదు, నలభై ఏళ్లయినా బియ్యం దగ్గరే ఆగిపోవడంలో ఉంది. కందిపప్పు ఒక నెల వస్తే ఒక నెల రాదు. గుడ్డు బడిలో ఉంది, బడి దాటాక లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే రోజు శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించొద్దంటోంది. ఆ మాటకూ రేషన్ సంచికీ పొంతన లేదు.

ఇంకో దొంగతనం ఎవరూ లెక్కలో వేయరు. వెనకటి రోజుల్లో పేటవాళ్లకు మాంసకృత్తులు కొట్టులోంచి రాలేదు, బోదెల్లోంచి వచ్చాయి. పరిగెలు, ఇంగిలాలు, నత్తలు, చేల గట్ల మీద పీతలు. వాటికి డబ్బు కట్టక్కర్లేదు, చేతులు చాలు. చేల నిండా పురుగుమందులు వచ్చాక, డెల్టా దిగువన చెరువులు తవ్వి రొయ్యలూ చేపలూ పెంచడం మొదలయ్యాక ఆ తిండి పోయింది. చేప ఇప్పుడు మంచుపెట్టెలో కలకత్తాకి వెళ్తుంది. పెద్దకూర సంగతి చెప్పనక్కర్లేదు. చౌకగా, బలంగా దొరికిన మాంసాన్ని తినేవాళ్లను దోషులుగా చూసే రాజకీయం దేశమంతా నడుస్తోంది. ఇక డాక్టరు చేతిలో పెట్టే డైట్ చార్టులో ఓట్స్, బాదం, ఆలివ్ నూనె ఉంటాయి. ఎండుచేప ఉండదు, నత్త ఉండదు, పెద్దకూర అసలే ఉండదు. చార్టు రాసినవాళ్లకు మన వంటిల్లు తెలియదు. దాన్ని చూసి ‘ఇది మనకు కాదులే’ అని మడిచి దిండు కింద పెట్టే మనిషిది నిర్లక్ష్యం అంటారు.

మూడోది పని. ‘కూలి చేసేవాడికి షుగరు ఏమిటి, రోజంతా ఒళ్లు వంచుతాడు కదా’ అనేవాళ్లున్నారు. ఇప్పుడు వరికోత మిషనుది. నాట్లూ కలుపూ ఉన్న వారాల్లో వెన్ను విరిగేంత పని, మిగతా వారాల్లో అరుగు మీద కూర్చోవడం. కువైట్ వెళ్లిన ఆడవాళ్లు నాలుగు గోడల మధ్య ఏళ్లు గడిపి, యజమాని ఇంట్లో మిగిలింది తిని, నిద్ర లేకుండా వస్తారు. తిరిగొచ్చేటప్పుడు సూట్‌కేసుతో పాటు బీపీ కూడా వస్తుంది. మగవాళ్లకు మందు. 2024 అక్టోబరు నుంచి రాష్ట్రంలో క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతోంది. సారా అంటే లివరే గుర్తొస్తుంది మనకు. అది ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, బీపీని పెంచుతుంది. పప్పు ధర తగ్గించడానికి చేతులు రాని ప్రభుత్వాలకు క్వార్టరు ధర తగ్గించడానికి మాత్రం చేతులొస్తాయి. అన్నట్టు కొవ్వూరు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడ గెలిచినవాళ్లు ఎక్సైజ్ మంత్రి అయ్యారు, మహిళా శిశు సంక్షేమ మంత్రి అయ్యారు, హోం మంత్రీ అయ్యారు. సారా, గుడ్డు, లాఠీ మూడు శాఖలూ ఈ గడప తొక్కాయి.

ఇక వైద్యం సంగతి. ఈ జబ్బుకు వైద్యం ఉంది, అందులో ముఖ్యమైన భాగం చాలా చౌక. బరువు ఎక్కువున్నవాళ్లు ఉన్న బరువులో ఐదు నుంచి ఏడు శాతం, అంటే డెబ్భై కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గితే షుగరు, బీపీ, ట్రైగ్లిజరైడ్లు మూడూ దిగుతాయి. చెన్నైలో ఏ.రామచంద్రన్ బృందం 2006లో ప్రకటించిన భారత మధుమేహ నివారణ అధ్యయనంలో, షుగరు అంచున ఉన్నవాళ్లు తిండీ నడకా మార్చుకుంటే షుగరుగా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతోనూ దాదాపు అంతే తగ్గింది. ఆ అధ్యయనంలో నాకు నచ్చిన చిన్న సంగతి ఒకటుంది. శరీర కష్టం చేసేవాళ్లను అదనంగా వ్యాయామం చేయమని వాళ్లు అడగలేదు, మీ పని మీరు చేసుకోండి చాలన్నారు. కాబట్టి చేలో పనున్న రోజు చేసినవాళ్లకు వాకింగ్ పాఠం చెప్పక్కర్లేదు. పని లేని రోజుల్లో నడవాలి. ఎక్కడ నడవాలన్నది వేరే ప్రశ్న. 2017లో గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం విషయంలో దళితులను వెలివేసిన ప్రాంతం ఇది. పొద్దున్నే పెద్దల వీధిలో చేతులూపుకుంటూ నడిచే ధైర్యం అందరికీ ఉండదు. ఆడపిల్లలకైతే మరీ.

తిండిలో మార్పు అంటే అన్నం మానేయడం కాదు. అన్నం ఒక గుప్పెడు తగ్గించి, ఆ ఖాళీలో పప్పో, గుడ్డో, చేపో, తోటకూరో పెట్టడం. తీపి టీ రోజుకు నాలుగైతే రెండు చేసి, చక్కెర సగం వేయడం. ఎండుచేపను ఉప్పు పోయేదాకా నానబెట్టి వండడం, ఆవకాయ నంజుకు మాత్రమే ఉంచడం. మందు మానగలిగితే ట్రైగ్లిజరైడ్లు మిగతా అన్నిటికంటే త్వరగా దిగొస్తాయి. ఇదేమీ రహస్యం కాదు, కానీ డైట్ చార్టులో ఈ భాషలో ఉండదు.

మందుల దగ్గర మనవాళ్లు మోసపోయే చోట్లు నాలుగైదు ఉన్నాయి. వాటిని వివరంగా చెప్పాలి.

మొదటిది, షుగరు మాత్రలన్నీ ఒకటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు, అది తిండి ఉన్నా లేకపోయినా షుగరును కిందికి నెడుతుంది. ఈ రెండూ కలిపిన మాత్ర ఊళ్లలో బాగా నడుస్తుంది. పొద్దున్నే ఆ మాత్ర వేసుకుని, టీ తాగి, కూలి ఆటో ఎక్కి, పది గంటలకు గానీ చద్దన్నం విప్పని మనిషికి చేలోనే చెమటలు పట్టి, కళ్లు తిరిగి, మాట తడబడుతుంది. పక్కవాళ్లు ఎండదెబ్బ అనుకుంటారు. తాగొచ్చాడని కూడా అంటారు. కూలికెళ్లేవాళ్లు డాక్టరుతో ‘నేను పొద్దున్నే తినకుండా పనికి వెళ్తాను’ అని నోరు తెరిచి చెప్పాలి, డాక్టరు అడగకపోయినా సరే. జేబులో బెల్లం ముక్క ఉండాలి. షుగరు ఉన్నవాళ్ల జేబులో బెల్లమా అని నవ్వేవాళ్లను నవ్వనివ్వండి.

రెండోది మోకాళ్ల నొప్పికీ నడుం నొప్పికీ వాడే మందులు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రోజూ మింగితే బీపీ పెరుగుతుంది. షుగరూ బీపీ ఉన్నవాళ్ల కిడ్నీలను అవి మరింత త్వరగా దెబ్బతీస్తాయి. ‘నొప్పి వెంటనే తగ్గే’ సూదిమందులో స్టెరాయిడ్ ఉంటే షుగరు ఎక్కడికో పోతుంది. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లొద్దని నేను చెప్పను. అర్ధరాత్రి పేటకు వచ్చేది ఆయనే, అప్పు పెట్టేదీ ఆయనే. కానీ నాకు షుగరుంది, బీపీ ఉంది, ఆ సూది వద్దు అని చెప్పే హక్కు మనది.

మూడోది బీపీ మాత్ర. ఆమ్లోడిపిన్ వాడితే కొందరికి కాళ్లు వాస్తాయి. కిడ్నీ పాడైందని భయపడి మాత్ర ఆపేస్తారు, ఆపేసిన సంగతి ఎవరికీ చెప్పరు. అలా ఆపేసిన కొన్నాళ్లకు ఒక పొద్దున మూతి వంకర పోతుంది, చెయ్యి లేవదు. కాళ్ల వాపు వస్తే మాత్ర మార్చమని అడగాలి, మానేయకూడదు. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకోవడం కూడా అలాంటి పొరపాటే. బీపీకి నోరుండదు.

నాలుగోది కొలెస్టరాల్ మాత్ర. నలభై దాటిన షుగరు రోగికి అటోర్వాస్టాటిన్ లాంటి మాత్ర గుండెపోటును తగ్గిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. అది జాతీయ అవసర మందుల జాబితాలో ఉంది. కానీ కొలెస్టరాల్ పరీక్షకు టౌనుకు వెళ్లాలి, డబ్బు కట్టాలి. పరీక్షే జరగకపోతే మాత్ర ఎవరు రాస్తారు? గర్భం రాగల వయసు ఆడవాళ్లు మాత్రం ఈ మందు డాక్టరుతో మాట్లాడే వాడాలి. మెట్‌ఫార్మిన్ గానీ ఆమ్లోడిపిన్ గానీ జన్ ఔషధి దుకాణంలో మాత్ర రూపాయి లోపే. అదే మందు పెద్ద పేరుతో కొంటే ఎన్నో రెట్లు.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్ల మీద పత్రికల్లో పేజీలు నిండుతున్నాయి. మౌంజారో 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చినప్పుడు నెల మోతాదు 14 వేల రూపాయల దగ్గర మొదలైంది. సెమాగ్లుటైడ్ పేటెంటు 2026 మార్చితో ముగిసే లెక్క గనక ఆ తరహా మందులు చౌకవుతాయంటున్నారు. కానివ్వండి. రూపాయి మాత్రే ప్రతి నెలా ఇంటికి చేరని చోట ఇంజెక్షన్ గురించి మాట్లాడడం తొందరపాటు.

మాత్ర ఎందుకు చేరదు? ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం అన్యాయం. వైఎస్ హయాంలో 104 బండి నెలకోసారి ఊరికొచ్చి బీపీ, షుగరు మందులిచ్చింది. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టరు విధానం వచ్చాక పీహెచ్‌సీ డాక్టరు నెలకు రెండుసార్లు గ్రామానికి రావాలి. విలేజ్ క్లినిక్‌లున్నాయి, ఇప్పుడు వాటి పేరు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్. కేంద్రం కార్యక్రమం ప్రకారం 30 దాటిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూడాలి. ఆశా కార్యకర్త నింపే ఫారంలో నడుము చుట్టుకొలతకు గడి కూడా ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

తేడా గడియారంలో ఉంది. బండి పగటి పూట వస్తుంది. ఆ వేళకు పేటలో ఉండేది ముసలివాళ్లు, పసిపిల్లలు, పింఛను కోసం చూసేవాళ్లు. ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య, ఈ జబ్బు మొదలై ఇంకా వెనక్కి తిప్పగల వయసులో ఉన్నవాళ్లు ఐదింటికే వెళ్లిపోయారు. బండి కోసం ఆగితే ఆ రోజు కూలి పోతుంది, మేస్త్రీ రేపు పిలవడు. ఒకవేళ ఆగినా, పదింటికి పరగడుపున ఎవరుంటారు? టీ తాగేశారు, ఇడ్లీ తినేశారు. అప్పుడు తీసే షుగరుతో అంచున ఉన్నవాళ్లు బయటపడరు. విచిత్రం ఏమిటంటే, పరగడుపు పరీక్షకు ఇంతకన్నా మంచి చోటు ఊళ్లో లేదు. రాత్రి ఎనిమిదింటికి తిని పడుకుని, తెల్లవారి ఐదింటికి కూలి ఆటో దగ్గర నిలబడ్డ మనుషులంతా ఎనిమిది గంటలకు పైగా ఖాళీ కడుపుతోనే ఉంటారు. నెలకు రెండు తెల్లవారుజాముల్లో ఒక ఏఎన్ఎం, ఒక గ్లూకోమీటరు, ఒక బీపీ మిషను, ఒక టేపు ఆ ఆటోల దగ్గర ఉంటే చాలు. ఆడవాళ్ల నడుము కొలవడానికి ఒక చీర అడ్డం. మందులు సాయంత్రం ఏడింటికి పేటలోనే. తెల్లవారుజామున కొలిచే ఏఎన్ఎంకీ రాత్రి మందులిచ్చే ఆశాకీ ఆ గంటలకు వేరే జీతం ఇవ్వాలన్నది కూడా ఇందులో భాగమే. వాళ్లలోనూ మన ఆడవాళ్లే ఎక్కువ.

యంత్రాలు పెడితే సరిపోదనడానికి కూడా పశ్చిమ గోదావరే సాక్ష్యం. స్మార్ట్‌హెల్త్ పేరుతో ఈ జిల్లాలో 18 పీహెచ్‌సీల పరిధిలో, 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తలకు ట్యాబ్లెట్లు ఇచ్చి గుండెజబ్బు ముప్పు లెక్కవేయించారు. ఆశాలు పని చేశారు, ముప్పున్నవాళ్లను గుర్తించారు. 2019లో ఫలితాలు చూస్తే బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకర్థమైంది ఇది: పేటలో గుర్తించి, వైద్యానికి మళ్లీ ఎక్కడికో పంపితే మనిషి మధ్య దారిలో ఆగిపోతాడు. కొలిచిన చోటే మందు దొరకాలి, వరసగా దొరకాలి. ఈ నెల ఒక రంగు మాత్ర, వచ్చే నెల ఇంకో రంగు, మూడో నెల ‘స్టాకు లేదు’ అయితే ఎవరు వాడతారు?

ప్రభుత్వం డబ్బు పెట్టే చోటు చూడండి. గుండెకు స్టెంటు వేస్తే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ, కడుతుంది. కిడ్నీలు పోయి డయాలసిస్ మీదుంటే నెలకు పది వేల పింఛను వస్తుంది. ఆ పింఛను కావాలి, అది తీసేయమని ఎవరూ అనరు. కానీ ఆ కిడ్నీ పోకముందు పదిహేనేళ్లు బీపీ మాత్ర ఇవ్వడానికి అందులో ఎన్నో వంతు ఖర్చయ్యేది? ఆసుపత్రిలో పడుకుంటే వచ్చే కార్డు, పడుకోకుండా కాపాడే మాత్రకు పనికిరాదు. బాకీల గొడవతో 2025 అక్టోబరులో ప్రైవేటు ఆసుపత్రులు ఆ సేవలే నిలిపేశాయి. అప్పుడు రోగులతో ఆసుపత్రుల మధ్య తిరిగినవాళ్లకు ఈ ఏర్పాటు ఎంత సన్నని దారం మీద ఉందో తెలుసు.

డబ్బు లేదనడం కుదరదు. ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం 2013లో వచ్చింది, పదేళ్ల గడువు ముగిసే వేళ 2023లో మరో పదేళ్లు పొడిగించారు. జనాభాలో మన వాటా 17 శాతం, ప్రణాళికా నిధుల్లో ఆ వాటా మనకే ఖర్చు కావాలి. అందరికీ ఇచ్చే పథకాల ఖాతాలో ఆ డబ్బు కలిపేసి ‘ఎస్సీలకు ఇంత ఇచ్చాం’ అని చూపించడం ఏ పార్టీ ప్రభుత్వమైనా చేసే పనే. ఆ డబ్బులోంచి ఎస్సీ కాలనీల్లో 30 దాటిన ప్రతి మనిషికీ ఏడాదికోసారి కొలెస్టరాల్, మూడు నెలల షుగరు సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ, మూత్రంలో ప్రొటీను పరీక్షలు చేయించమని అడగొచ్చు. కార్డుమీద నెలకు రెండు కిలోల కందిపప్పు, ముప్పై గుడ్లు అడగొచ్చు. పరీక్షల ఫలితాలు ఎస్సీ, బీసీ-సీ గళ్లు విడిగా చూపిస్తూ మండలం వారీగా ప్రకటించమనీ అడగొచ్చు. సిమెంటు రోడ్డు శంకుస్థాపన ఫొటోలా ఇది ఫ్లెక్సీ మీద బాగుండదు కాబట్టి నాయకులు వాళ్లంతట వాళ్లు తలెత్తరు.

2027లో గోదావరి పుష్కరాలు. కొవ్వూరు గోష్పాద క్షేత్రం ఘాట్లకు, రోడ్లకు, లైట్లకు ఇప్పటినుంచే అంచనాలు వేస్తున్నారు. పన్నెండు రోజుల స్నానానికి వచ్చే భక్తుల కోసం తెల్లవారుజామున మూడింటినుంచే వైద్య శిబిరాలు నడపడం ఈ యంత్రాంగానికి బాగా తెలుసు. వైద్యం తెల్లవారకముందే నిద్ర లేవగలదని అప్పుడు అందరూ చూస్తారు. అంతదాకా ఆగకుండా వచ్చే గ్రామసభలో పేట నుంచి ఒకరు లేచి, 104 బండి వేళ ఎవరు నిర్ణయించారు, మార్చడానికి ఎవరి సంతకం కావాలి అని అడిగి, జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించాలి.